నాన్న చూసింది పచ్చ, మీరు చూసింది గులాబీ

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకుడు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. సంగతి ఇది.

ఆయనకు 44 ఏళ్లు, జూనియర్ కాలేజీలో లెక్చరర్. తండ్రి బస్టాండు ఎదురుగా 35 ఏళ్లు ఫోటో స్టూడియో నడిపి 2004లో మూసేశారు. డార్క్‌రూమ్ ఇప్పుడు బియ్యం బస్తాల గది. నెగటివ్‌లు మాత్రం బిస్కెట్ డబ్బాల్లో భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో బటర్ పేపర్ కవర్లో ఉంది, కవరు మీద పెన్సిల్‌తో తేదీ రాసి ఉంది. వచ్చే మాఘంలో తండ్రికి సహస్ర చంద్ర దర్శనం. ఇంకా నాలుగు నెలలుంది. ఆయన తీసిన నలుపు తెలుపు ఫోటోల్లో ఓ 40 ఎంచి, పెద్దవి చేసి, ఫంక్షన్ హాల్లో వరసగా తగిలించాలని కొడుకు కోరిక. స్కానర్ ఒకటి, ఆరు రంగుల ఇంకు ట్యాంకు ప్రింటర్ ఒకటి కొన్నారు. సగం డబ్బు హైదరాబాదులో ఉన్న అక్క ఇచ్చింది.

మొదటి ప్రింటు అమ్మది. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది. 1975లో, పెళ్లయిన కొత్తలో, నూతి గట్టు మీద కూర్చుని ఉన్న ఫోటో. అదే ఫోటో తండ్రి అప్పట్లో స్వయంగా కడిగింది ఇంట్లో ఫ్రేములో ఉంది. రాత్రి పదకొండింటికి కొత్త ప్రింటు బయటికొచ్చింది. కాస్త గులాబీ ఛాయ ఉన్నట్టు అనిపించినా కాగితం గుణం కాబోలనుకుని సంబరపడ్డారు. "ఆ ఊపులో వెనక నాన్న స్టూడియో రబ్బరు స్టాంపు కూడా వేశాను" అని రాశారు. తెల్లారి వరండాలో పేపరు చదువుకుంటున్న తండ్రి చేతిలో పెట్టారు. ఆయన కాసేపు చూసి, "పచ్చగా ఉందిరా, నాచు పట్టినట్టు. అమ్మ ముఖం మైనం కరిగినట్టుంది. ఇది ఫోటో కాదు" అన్నారు. వెనక్కి తిప్పి చూసి, ఇంకేం మాట్లాడకుండా అరుగు మీద పెట్టేశారు. కొడుక్కి ఉక్రోషం వచ్చింది. "శుక్లాల ఆపరేషన్ అయిన కన్ను అలా చూపిస్తోంది నాన్నా. మీ ఎర్రబల్బు రోజులు పోయాయి" అనేశారు.

అది జరిగి మూడు వారాలు. తండ్రి ఆ గది గుమ్మం తొక్కడం లేదు. భోజనాల దగ్గర పొడి మాటలే. భార్య ఏదైనా ల్యాబుకి ఇచ్చేయమంటోంది. స్నేహితుడు దీన్ని అమ్మేసి ఖరీదైనది కొనమంటున్నాడు. అక్క ఫోన్లో "నా వాటా నాచులో పోసినట్టేనా?" అంటోంది, నవ్వుతూనే. నిజంగా అది పచ్చగా ఉందా, ఉంటే నా కళ్లకెందుకు కనపడలేదు, ప్రింటర్ మార్చాలా, నాన్నని మళ్లీ ఆ గదిలోకి ఎలా తీసుకురావాలి అని అడిగారు. పాత ప్రింటునీ కొత్త ప్రింటునీ పక్కపక్కన పెట్టి తీసిన ఫోటో కూడా పంపారు.

*

ముందు తేలిగ్గా తేలే తగువు తేల్చేద్దాం. మీ నాన్నగారు చెప్పింది నిజం. మీరు చెప్పిందీ నిజం. ఇద్దరినీ బుజ్జగించడానికి అంటున్న మాట కాదిది. ఆ కాగితం పొద్దున వరండాలో పచ్చగానే ఉంటుంది, రాత్రి మీ గదిలో గులాబీగానే ఉంటుంది.

నమ్మకపోతే రేపు పది గంటల వేళ దాన్ని వరండాలోకి తీసుకెళ్లండి. ఒక్కదాన్నే చూడకండి. ఒక్కదాన్నే చూస్తే కన్ను సర్దుకుపోతుంది, ఆ పచ్చనే బూడిద రంగని ఒప్పేసుకుంటుంది. ఫ్రేములో ఉన్న పాత ప్రింటు పక్కన పెట్టి చూడండి. అప్పుడు నాచు మీకూ కనపడుతుంది. మీ నాన్నగారికి పక్కన పెట్టుకోవాల్సిన అవసరం రాలేదు, 35 ఏళ్ల ప్రింట్లు ఆయన కళ్లలోనే ఉన్నాయి.

చీరల కొట్టులో లైట్ల కింద నచ్చిన చీరని గుమ్మం దాకా తెచ్చి ఎండలో ఓసారి చూసుకోందే మన ఆడవాళ్లు డబ్బు కట్టరు కదా. ఇదీ అదే సంగతి. మీ ప్రింటర్లో ఆరు సీసాలున్నాయి: నలుపు, సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, లేత సయాన్, లేత మెజెంటా. బూడిద రంగు సీసా లేదు. మీ అమ్మగారి చెంప మీద పడిన లేత నీడని వేయాలంటే దానికి రెండే దారులు. నల్ల చుక్కలు దూరదూరంగా వేయొచ్చు, కానీ అలా వేస్తే చెంప మీద ఆవాలు చల్లినట్టుంటుంది. అందుకని రెండో దారి పడుతుంది. మూడు రంగులూ తగుపాళ్లలో కలిపి, ఇదిగో బూడిద రంగు అని మనల్ని నమ్మిస్తుంది. మసి లేకుండానే మారేడుకాయ చేయడం అన్నమాట.

ఆ పాళ్లు ఏదో ఒక వెలుగులోనే కుదురుతాయి. ఎండలో అన్ని రంగుల కాంతీ నిండుగా ఉంటుంది. మామూలు ఎల్ఈడీ బల్బులో నీలం దగ్గర ఒక గుట్ట, పసుపు దగ్గర ఇంకో గుట్ట, మధ్యలో పల్లం. ఒక్కో ఇంకూ ఒక్కో రంగు కాంతిని మింగుతుంది. దీపం మారితే మింగడానికి దొరికేదీ మారుతుంది, మిగిలి మన కంటికి వచ్చేదీ మారుతుంది. ఈ పని చేసేవాళ్లు దీన్ని మెటమెరిజం అంటారు. రంగుల ఫోటోలో ఇది జరిగినా పట్టించుకోం, చీర కాస్త ముదురుగా కనపడితే ఎవరికి కావాలి? నలుపు తెలుపులో రంగే ఉండకూడదు గనక ఇసుమంత రంగు కూడా దొరికిపోతుంది. మీ నాన్నగారు కడిగిన ప్రింటులో నలుపంటే వెండి రేణువులు. వెండి అన్ని రంగుల కాంతినీ దాదాపు సమానంగా మింగుతుంది. అందుకే అది నట్టింట్లో ఎలా ఉందో నూతి దగ్గరా అలాగే ఉంటుంది.

ఇక ఆ కంటి మాట. శుక్లం పట్టిన కంట్లో కటకం పసుపుబారుతుంది, నీలం తగ్గి కనపడుతుంది. ఆపరేషన్‌లో దాన్ని తీసేసి తేటగా ఉన్నది పెడతారు. అంటే మీరు వంక పెట్టిన కన్నే ఆ ఇంట్లో నమ్మదగిన కన్ను. ఆయనకి రెండో కంటికి ఇంకా ఆపరేషన్ కాకపోతే, ఒక్కో కన్నూ మూసుకుని తెల్లగోడని చూడమనండి, ఒకే గోడ రెండు రంగుల్లో కనపడుతుంది. ఈ విషయంలో మీరు మాట పారేసుకున్నారు. దానికి క్షమాపణ చెప్పాల్సిందే, అది ప్రింటర్ కొన్నంత కష్టం కాదు. ఒక్క ముక్కలో చెప్పండి, ఉపన్యాసంలా వద్దు.

"ముఖం మైనం కరిగినట్టుంది" అన్నదీ సరైన మాటే. మీరు పంపిన ఫోటోని పెద్దది చేసి చూశాను. ముక్కు పక్కన, జుట్టు మొదట్లో చిన్న చిన్న మడుగుల్లా ఉన్నాయి. స్కానర్ సాఫ్ట్‌వేర్లో దుమ్మూ గీతలూ పోగొట్టే ఆప్షన్ ఒకటుంటుంది, మీరు దాన్ని ఆన్ చేసి ఉంచారు. అది కంటికి కనపడని పరారుణ కాంతితో పనిచేస్తుంది. రంగుల నెగటివ్‌లోని రంగుల్లోంచి ఆ కాంతి దూసుకుపోతుంది, దుమ్ము మాత్రం అడ్డుకుంటుంది, అడ్డుకున్న చోటల్లా సాఫ్ట్‌వేర్ పూడ్చేస్తుంది. నలుపు తెలుపు నెగటివ్‌లో బొమ్మే వెండి. వెండి కూడా పరారుణాన్ని అడ్డుకుంటుంది. పాపం స్కానర్ మీ అమ్మగారి కనురెప్పల్ని దుమ్మనుకుని తుడిచింది. ఆ ఆప్షన్ ఆపేయండి. ఆటోమేటిక్‌గా కాంట్రాస్ట్ పెంచేదీ ఆపేయండి. బ్లోయరుతో ఊది, మెత్తటి కుంచెతో దులిపి, 16 బిట్ గ్రేలో 2400 డీపీఐ (అంగుళానికి 2400 చుక్కలు) దగ్గర స్కాన్ చేసి టిఫ్ ఫైలుగా దాచుకోండి. 6×6 సెంటీమీటర్లదని పిలిచే నెగటివ్ నిజానికి 56 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, దాని నుంచి సుమారు 5,300 పిక్సెళ్లు వస్తాయి. అంగుళానికి 300 చొప్పున వేసుకున్నా 17 అంగుళాల ప్రింటు హాయిగా వస్తుంది.

మిగిలింది మూడో మాట, "ఇది ఫోటో కాదు". మిమ్మల్ని కుట్టింది ఇదే. ఇంక్‌జెట్ మీద పాతకాలపువాళ్ల చిన్నచూపు అనుకున్నారు మీరు. నాకలా అనిపించడం లేదు.

మీరు పంపిన ఫోటోలోని రెండు ప్రింట్లనీ మళ్లీ చూడండి. పాతదాంట్లో అమ్మగారి వెనక గోడ మధ్యస్థంగా బూడిద రంగులో అణిగి ఉంది. మీదాంట్లో అదే గోడ ఎండకి పేలిపోయి తెల్లగా మెరుస్తోంది, కన్ను ముందు అక్కడికే పోతోంది. పాతదాంట్లో చీర కుచ్చిళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. మీదాంట్లో ఒళ్లో తెల్లగుడ్డ ఉంది, అంతే. పాతదాంట్లో ముఖం నీడలోనే ఉన్నా కళ్లు తేటగా ఉన్నాయి, మీదాంట్లో కళ్ల కింద మసక. నెగటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్లార్జర్ కింద ఆయన ఏం చేశారో దీన్నిబట్టి చెప్పొచ్చు. ఆ కాగితం వెలుగు ఎక్కువ పడిన చోట నల్లబడుతుంది, తగ్గిన చోట తెల్లగా మిగులుతుంది. తీగకి గుండ్రటి అట్టముక్క అతికించి, ముఖం మీద కొన్ని సెకన్లు ఆడిస్తూ వెలుగు ఆపారు. తర్వాత మధ్యలో చిల్లు పెట్టిన అట్టతో గోడకీ చీరకీ అదనంగా వెలుగు పోశారు. డాడ్జింగ్, బర్నింగ్ అని మీరు సాఫ్ట్‌వేర్లో చూసే బొమ్మలు ఆ తీగా ఆ అట్టే.

పద్యం పుస్తకంలో అచ్చయి ఉంటుంది. సంత రోజు రాత్రి నాటకంలో హార్మోనియం మీద రాగం తీసి పాడితే అది వేరే సంగతి. మీరు నెగటివ్‌ని నిజాయితీగా స్కాన్ చేశారు, అంటే పద్యాన్ని తప్పుల్లేకుండా చదివారు. ఆయన పాడినది విన్న మనిషి, పైగా పాడిన మనిషే, అది ఫోటో కాదంటే అర్థం ఉంది. ఇంకు సంగతి పక్కన పెట్టినా ఆ మాట అలాగే నిలుస్తుంది. ఎంత ఖరీదైన ప్రింటర్ కొన్నా గోడని అది అణచదు.

ఇప్పుడు ప్రింటర్ విషయానికి వద్దాం. మీ ముందు నాలుగు దారులున్నాయి. ఒక్కోదానికీ ఒక్కో ఖరీదు, అది డబ్బు ఒక్కటే కాదు.

ఉన్న ప్రింటర్‌తోనే గట్టెక్కడం ఒకటి. శుద్ధమైన నలుపు తెలుపు కోసం పట్టుబట్టకుండా, ఫైలుకి తేలికపాటి గోధుమ ఛాయ కలపండి. గోధుమ రంగు కాస్త అటూ ఇటూ జరిగినా కన్ను క్షమిస్తుంది. బూడిద రంగు పచ్చలోకి జరిగితేనే క్షమించదు. ఇదేమీ మోసం కాదు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్ దయాళ్ (1844–1905) ఆల్బుమెన్ ప్రింట్లన్నీ, అంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసినవన్నీ, గోధుమ ఛాయలోనే ఉంటాయి. మీ నాన్నగారు కూడా పెళ్లి ఫోటోలకి సెపియా టోనింగ్ చేసే ఉంటారు, కుళ్లిన కోడిగుడ్డు వాసన గుర్తుందేమో అడగండి. ప్రింటర్ సాఫ్ట్‌వేర్లో నల్ల ఇంకు ఒక్కటే వాడే ఆప్షన్ ఉంటే మ్యాట్ కాగితం మీద అదీ ప్రయత్నించొచ్చు. చుక్కలు కనపడతాయి, కానీ నాలుగడుగుల దూరం నుంచి ఫిల్మ్ గ్రెయిన్‌లా అనిపిస్తాయి. చాలా ప్రింటర్లలో గ్లాసీ కాగితం ఎంచుకోగానే, గ్రేస్కేల్ అని నొక్కినా, రంగులు మళ్లీ వచ్చి కలుస్తాయి. మోసపోవద్దు.

ఈ దారిలో అసలు నష్టం మన్నిక. ట్యాంకు ప్రింటర్లలో ఫోటోలకి వాడేవి ఎక్కువగా డై ఇంకులు, అంటే నీళ్లలో కరిగే రంగులు. విశాఖలో మా అక్క గృహప్రవేశానికి మా తాతగారి ఫోటో ఒకటి ఇలాగే వేసి, అద్దం వల్ల మెరుపు వస్తోందని అద్దం తీసేసి మరీ తగిలించాను. తెలివితక్కువ పని. అద్దం లేని డై ప్రింటుని ఎండే కాదు, గాలిలోని ఓజోను కూడా తింటుంది, ముందుగా సయాన్‌ని తింటుంది. ఏడాది తిరిగేసరికి తాతగారు తాంబూలం వేసుకున్న రంగులోకి వచ్చారు. మా అక్క ఇప్పటికీ దాన్ని తీయదు, నేను వెళ్లినప్పుడల్లా చూపించడానికి. కాబట్టి అద్దం తప్పనిసరి, ఎండ పడే గోడ పనికిరాదు. ఒక్కరోజు వేడుకకైతే ఈ దారి చాలు. మీ పిల్లల చేతికి ఇవ్వడానికి చాలదు.

గ్రే ఇంకు ఉన్న ప్రింటర్ కొనడం రెండో దారి, మీ స్నేహితుడు చెప్పేది ఇదే. ఇందులోనూ రెండు మెట్లున్నాయి. మీ ప్రింటర్ లాంటి ట్యాంకు రకాల్లోనే గ్రే సీసా ఉన్నవి వచ్చాయి: కానన్ జీ670, ఎప్సన్ ఎల్8180 లాంటివి. పచ్చ చాలావరకు తగ్గుతుంది, ఫోటోలకి అవీ వాడేది డై ఇంకులే గనక మన్నిక సంగతి మారదు. పై మెట్టులో పిగ్మెంట్ ఇంకులవి, అంటే నీళ్లలో కరగని రంగు పొడితో చేసినవి. 2005లో ఎప్సన్ మూడు రకాల నలుపులతో కే3 ఇంకులు తెచ్చినప్పటి నుంచే ఇంక్‌జెట్ నలుపు తెలుపుకి గౌరవం దక్కింది. నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు ఉండటంతో బూడిద రంగు కోసం మూడు రంగుల మీద ఆధారపడే అవసరం తగ్గిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఎప్సన్ పీ700, కానన్ ప్రో-300 పది ఇంకులవి. వీటి నలుపులో ఉండేది ప్రధానంగా కర్బనం, అంటే మసి. తాళపత్రాల మీద ఘంటంతో గీసి మనవాళ్లు పూసిన మసి వందల ఏళ్ల తర్వాత కూడా నల్లగానే ఉంది కదా, ఆ జాతి నలుపిది.

కొనేముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. మాఘం దాటాక ఆ ప్రింటర్‌తో ఏం చేస్తారు? బిస్కెట్ డబ్బాలన్నీ వరసగా ముద్రించే ఉద్దేశం ఉంటే కొనండి, దాని విలువ దానికుంటుంది. 40 ఫోటోలతో సరి అయితే వద్దు. పిగ్మెంట్ ప్రింటర్ని మూలన పెడితే ఇంకు చిమ్మే హెడ్డులోనే గట్టిపడుతుంది. వారానికోసారి నాజిల్ చెక్ (హెడ్డు రంధ్రాలు తెరిచే ఉన్నాయో లేదో చూపే ప్రింటు) వేస్తూ పాడి గేదెలా చూసుకోవాలి. హెడ్డు ఒకసారి పూర్తిగా మూసుకుపోయిందంటే బాగుచేయించే ఖర్చు చూసి ప్రింటర్‌నే వదిలేసినవాళ్లని ఎరుగుదును. మీ అక్కగారి వాటా గురించి కూడా అప్పుడు నవ్వులాట మాటలు ఉండవు.

మూడోది మీ ఆవిడ చెప్పిన దారి, ల్యాబు. మంచి సలహానే, ఒక గోతిని తప్పించుకుంటే. "మాది సిల్వర్ పేపర్ అండి" అంటారు కొందరు. నిజమే, అది సిల్వర్ హాలైడ్ కాగితమే, కానీ రంగుల ఫోటోల కాగితం. కెమికల్‌లోంచి బయటికొచ్చేసరికి అందులో వెండి మిగలదు, సయాన్, మెజెంటా, పసుపు రంగులే మిగులుతాయి. మళ్లీ మొదటికే. కాబట్టి ఆర్డరిచ్చే ముందు పిగ్మెంటా డైనా, గ్రే ఇంకులు ఎన్ని, కాగితం పేరేంటి అని అడగండి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబిచ్చే ఫైన్ ఆర్ట్ ప్రింటింగ్ చోట్లు పెద్ద ఊళ్లలో ఉన్నాయి. ముందు ఒక్క ఫోటో వేయించి, తెచ్చి, వరండాలో చూశాకే మిగతావి. ప్రింట్లు నిస్సందేహంగా బాగుంటాయి. అయితే మీ నాన్నగారు ఆ పనిలో ఎక్కడా ఉండరు. వేడుక రోజున కుర్చీలో కూర్చుని అందరితోపాటు ఆయనా చూస్తారు. కొందరు తండ్రులకి అదే ఇష్టం. ఆయన ఏ రకమో మీకే తెలియాలి.

నాలుగోది చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్తున్నాను. బియ్యం బస్తాలు జరిపి డార్క్‌రూమ్ మళ్లీ తెరవడం. నలభైకి కాదు, ఒక్కదానికి, అమ్మగారి ఫోటోకి. ఊటీలో ఇందు పేరుతో ఫిల్మూ కాగితమూ తయారుచేసిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడింది గానీ, ఇంగ్లండులో ఇల్‌ఫోర్డ్ వాళ్లు నలుపు తెలుపు కాగితం ఇంకా చేస్తూనే ఉన్నారు. ఖర్చు భరించలేనిది కాదు. భరించలేనిది ఇంకోటి కావచ్చు. 80 ఏళ్ల మనిషి చీకట్లో నిలబడాలి, చెయ్యి వణికితే అట్టముక్క వణుకుతుంది, దాన్ని మీరు చూస్తున్నారని ఆయనకి తెలుస్తుంది. ఈ మాట ఆయన నోటి నుంచి వస్తే అడ్డు చెప్పకండి. మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.

పాత ప్రింటర్లో మొత్తం సీసాలన్నీ ఖాళీ చేసి రకరకాల చిక్కదనాల్లో మసి ఇంకులే నింపి వాడేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో వెర్మాంట్‌లోని జాన్ కోన్ తెచ్చిన పీజోగ్రఫీ అనే పద్ధతి, రాయ్ హారింగ్టన్ తయారుచేసిన క్వాడ్‌టోన్‌రిప్ సాఫ్ట్‌వేర్ దీనికి పేరుపడ్డాయి. ఫలితం వెండి ప్రింటుకి పోటీ వస్తుంది. నాలుగు నెలల గడువు పెట్టుకుని నేర్చుకునే విద్య కాదు. మీకు పిచ్చి పడితే మాఘం తర్వాత చూద్దురు గాని.

నా మొగ్గు ఎటో చెప్పకపోతే మళ్లీ ఉత్తరం రాస్తారు. ఇప్పటికి ఏమీ కొనొద్దు. ఇంట్లో నిలిచి ఉండాల్సిన ఎనిమిదో పదో ఫోటోలు ల్యాబులో పిగ్మెంట్‌తో వేయించి, మిగతా ముప్ఫై ఇంట్లోనే గోధుమ ఛాయతో వేసి అద్దం బిగించొచ్చు. రెండు రకాల్నీ ఒకే గోడ మీద కలపకండి, పక్కపక్కన పడితే రెండో రకం వెలవెలబోతుంది. అయితే ఏది ఎలా వేయాలో ఖాయం చేయాల్సింది నేనూ కాదు, మీరూ కాదు.

కాగితం గురించి రెండు ముక్కలు. ఇంట్లో వాడే గ్లాసీ కాగితాల్లో తెల్లదనం కోసం మెరుపు రసాయనాలు కలుపుతారు, బట్టలకి నీలం పెట్టినట్టు. ఎండలో అవి నీలంగా మెరుస్తాయి, కొన్నాళ్లకి ఆ శక్తి పోయి కాగితం పసుపుబారుతుంది. ల్యాబువాళ్లు మెత్తటి నూలు కాగితం చూపిస్తారు, హానెమ్యూలె ఫోటో రాగ్ లాంటిది. చేతికి బాగుంటుంది, ధర చెప్పడానికీ బాగుంటుంది. కానీ మ్యాట్ కాగితం మీద నలుపు ఓ మోస్తరుగానే దిగుతుంది, నలుపు ఎంత చిక్కనో కొలిచే సాంద్రత లెక్కలో 1.6, 1.7 దగ్గర ఆగుతుంది. వెండి గ్లాసీ ప్రింటులో అది 2 దాటుతుంది. మీ నాన్నగారి కన్ను ఆ లోతుకి అలవాటు పడినది. అందుకని బరైటా కాగితం అడగండి. ఆయన వాడిన కాగితంలో ఎమల్షన్ (వెండి ఉండే పొర) కింద ఉండే బేరియం సల్ఫేట్ పూతే దీనికీ ఉంటుంది. చేత్తో పట్టుకోగానే గుర్తుపడతారు.

ఇక ఆయన్ని గదిలోకి తీసుకురావడం. గదిలోకి రమ్మనకండి, మీరే వరండాలోకి వెళ్లండి. ప్రింటు చూడమని ఇవ్వకండి, అది మళ్లీ పరీక్షలా ఉంటుంది. గోడ మీద ఫ్రేము దించి తీసుకెళ్లి, "నాన్నా, ఈ గోడకి ఎన్ని సెకన్లు ఎక్కువ ఇచ్చారు?" అని అడగండి. నిజంగా తెలుసుకోవాలనే అడగండి, ఎందుకంటే మీకు అది నిజంగా కావాలి. "గుర్తులేదు పో" అనొచ్చు. అన్నా పర్వాలేదు, రెండో రోజు ఇంకో ఫ్రేము ఉంటుంది కదా.

మాట కలిస్తే అప్పుడు టెస్ట్ స్ట్రిప్. ఆయన అట్టముక్క జరుపుతూ అయిదు, పది, పదిహేను సెకన్లకి ఒక్కో పట్టీ వేసేవారు, మీరు చిన్నప్పుడు ఆ గదిలో చూసే ఉంటారు. మీరు మొత్తం ఫోటో వేయకండి. అమ్మగారి ముఖం, వెనక గోడ ముక్క వచ్చేలా 4×6 సైజులో అయిదు వేయండి. ఒకటి ఉన్నదున్నట్టు, ఒకటి గోడ అణచి, ఒకటి ముఖం తేల్చి, ఒకటి గోధుమ ఛాయ కొద్దిగా, ఒకటి ఇంకాస్త ఎక్కువగా. వెనక పెన్సిల్‌తో అంకెలు వేయండి. వేసిన వెంటనే చూపించొద్దు, ఒక రోజు ఆరనివ్వండి. ఇంకు ఆరేకొద్దీ రంగు సర్దుకుంటుంది. వెండి ప్రింటు కూడా తడిలో ఒకలా, ఆరాక కాస్త ముదురుగా ఉంటుంది. "తడి ప్రింటు చూసి మురిసిపోకు" అన్న మాట ఆయన దగ్గర పనిచేసిన కుర్రాళ్లందరూ విని ఉంటారు. ఆ రాత్రి మీరు చేసింది సరిగ్గా అదే.

ఆ అయిదింటినీ పదింటప్పుడు వరండాలో, రాత్రి హాల్లో, వీలైతే ఒక సాయంత్రం ఫంక్షన్ హాల్లో అక్కడి లైట్ల కింద ఇద్దరూ కలిసి చూడండి. వేడుక జరిగేది పగలా రాత్రా, ఫోటోలు తగిలించేది కిటికీల వైపా స్టేజీ వైపా అన్నదాన్నిబట్టే ఏ ఛాయ కుదురుతుందో తేలుతుంది. కంప్యూటర్ తెర వెలుగు సగానికి తగ్గించి దిద్దండి. తెర దీపంలా వెలుగుతుంటే అక్కడ తేటగా ఉన్నది కాగితం మీద గుడ్డిగా దిగుతుంది.

ఆయన మొత్తం పట్టికనే మార్చేస్తారని కూడా సిద్ధంగా ఉండండి. మీరు ఎంచిన 40, ఆయన ఎంచే 40 ఒకటి కావు. మీకు అమ్మ, పాత బస్టాండు, తిరనాళ్లు కావాలి. ఆయనకి ఎవరో పేరు తెలియని మనిషి పాస్‌పోర్ట్ ఫోటో కావాలనిపించవచ్చు, అందులో లైటింగ్ అంత బాగా కుదిరిందని. అసలు ఈ సందడే వద్దనీ అనొచ్చు. అప్పుడు అమ్మగారి ఫోటో ఒక్కటే బాగా వేసి మిగతావి డబ్బాల్లోనే ఉంచడం కూడా ఒక దారే. స్కాన్లు చేసి పెట్టుకోండి, వాటికి గడువు లేదు.

ఒక్క సంగతి మీరు ఉత్తరంలో ఒకే వాక్యంలో దాటేశారు, నాకు మాత్రం అక్కడే ముల్లు దిగినట్టు అనిపించింది. ఆయన పచ్చ అన్నారు, మైనం అన్నారు, ఫోటో కాదన్నారు. వెనక్కి తిప్పాక మాత్రం ఏమీ అనలేదు. అక్కడ ఆయన స్టూడియో స్టాంపు ఉంది. 35 ఏళ్లు ఆ స్టాంపు ఆయన చూసి, ఆరబెట్టి, టచింగ్ చేసి, ఇక ఇచ్చేయొచ్చు అనుకున్న ఫోటో వెనకే పడింది. ఆయనకి నచ్చనివి చెత్తబుట్టలోకి పోయేవి, స్టాంపు దాకా వచ్చేవి కావు. మీరు ప్రేమతోనే వేశారు. ఆయన మాత్రం తను కడగని ఫోటో వెనక తన పేరు చూసుకున్నారు.

ఆ ప్రింటు పడేయకండి, మీ బీరువాలో పెట్టుకోండి. ఇకపై వేసేవాటి వెనక ఖాళీగా వదిలేయండి. స్టాంపునీ ప్యాడునీ తీసుకెళ్లి ఆయన సొరుగులో, కళ్లజోడు పక్కన పెట్టేయండి, ఎందుకో చెప్పక్కర్లేదు. ప్యాడు ఎండిపోయి ఉంటుంది, రెండు చుక్కలు ఇంకు వేసి మరీ పెట్టండి.